పెన్న వెంట దిగి, గుండ్లకమ్మ వెంట ఎక్కి: సీమ నుంచి సముద్రానికి ఆరు రోజుల బైక్ యాత్ర

కర్నూలు, అనంతపురం, కడప నుంచి బైకు మీద సముద్రం చూడ్డానికి పోయేవాళ్లలో ఎక్కువమంది ఒకే పద్ధతిలో పోతారు. శుక్రవారం రాత్రి బయల్దేరి, తెల్లారేసరికి సూర్యలంకలోనో మైపాడులోనో తేలి, నీళ్లలో దిగి, బిర్యానీ తిని, ఆదివారం రాత్రికి నడుము పట్టేసి ఇల్లు చేరతారు. అలా పోతే హైవే బాగా కనిపిస్తుంది, తీరం మాత్రం కనిపించదు. ఐదారు రోజులు సెలవు పెట్టగలిగి, రోజుకు 150 నుంచి 220 కిలోమీటర్లకు మించి నడపకూడదని గట్టిగా అనుకోగలిగినవాళ్ల కోసం ఈ మార్గదర్శి. బైకు పెద్దదే కావాలని లేదు. సరిగ్గా సర్వీసింగ్ చేయించిన 125 సీసీ బండి చాలు.

దారి ఎంచుకోవడానికి నాకు తోచిన మంచి పద్ధతి నదిని పట్టుకోవడం. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టిన పెన్న మన అనంతపురం, కడప నేలల మీదుగా వచ్చి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు దాటాక ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాడిపత్రి నుంచి నెల్లూరు దాకా ఎన్‌హెచ్-67 కాస్త అటూ ఇటూగా దానితోనే పోతుంది. తిరిగి రావడానికి ఇంకో నది ఉంది. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువును నింపి, ఒంగోలు పక్కన సముద్రంలో కలిసే గుండ్లకమ్మ. ఒక నది వెంట దిగి, రెండో నది వెంట ఎక్కి వస్తే చూసిన రోడ్డే మళ్లీ చూడాల్సిన అవసరం దాదాపు ఉండదు. మధ్యలో నెల్లూరు నుంచి బాపట్ల దాకా తీరం.

ముందు నెల తేల్చుకోండి

ఏ బండి, ఏ హోటల్ అన్న ప్రశ్నల కంటే ముందు తేలాల్సింది ఏ నెల అన్నది. మనకు వానలంటే జూన్, జూలై గుర్తొస్తాయి. నెల్లూరు, ప్రకాశం తీరానికి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. అల్పపీడనాలు, వాయుగుండాలు, తుపాన్లు అప్పుడే. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కుంగింది. నెల్లూరు పక్కన కోవూరు దగ్గర జాతీయ రహదారే కోతకు గురై రాకపోకలు ఆగిపోయాయి. అంటే ఈ దారిలో ఒక్క వారం వానకు రెండు మూడు చోట్ల దారి మూసుకుపోగలదు. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చేద్దామన్న కోరిక ఉంటే బైకు ఇంట్లో పెట్టి బస్సులో పోవడం మేలు. ఆరోజు ఎలాగూ తీరాల్లో కాలు పెట్టే సందు ఉండదు.

డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి కాలం. సోమశిలలో నీళ్లుంటాయి, నెల్లూరు పొలాలు పచ్చగా ఉంటాయి, గండికోట లోయలో మధ్యాహ్నం కూడా నిలబడగలం. సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి. గదులు దొరకవు, దొరికినా రేటు వింటే టెన్షన్ వస్తుంది. మార్చి సగం దాటాక కడప వైపు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

బయల్దేరే ముందు మూడు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. సముద్రం సంగతికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు రోజూ ఇస్తుంది. జాలర్లు వేటకు పోవద్దన్న హెచ్చరిక ఉన్న రోజుల్లో మనకూ తీరంలో పని లేదు.

తీరం లెక్క తెలుసుకోండి

మ్యాప్ చూసి చాలామంది సముద్రం పక్కనే రోడ్డు ఉంటుందనుకుంటారు. విశాఖ నుంచి భీమిలి పోయినట్టు ఇక్కడ పోలేం. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఎన్‌హెచ్-16 తీరానికి ఎడంగా పోతుంది. ఒక్కో బీచికి దాని మీద నుంచి ఒక్కో రోడ్డు దువ్వెన పళ్లలా తూర్పుకు చీలుతుంది. ఒక బీచి నుంచి పక్క బీచికి పోవాలంటే సాధారణంగా మళ్లీ హైవే ఎక్కి దిగాలి. దానికి కారణం మధ్యలో అడ్డంగా ఉండే బకింగ్‌హామ్ కాలువ. బ్రిటిష్ వాళ్ల కాలంలో పడవల రవాణాకు తవ్విన ఈ కాలువ తీరానికి సమాంతరంగా పోతుంది. దాని మీద వంతెన ఎక్కడ ఉంటే బీచికి దారి అక్కడే.

అందుకని ప్లాన్ వేసేటప్పుడు "రోజుకు ఎన్ని బీచులు" అని లెక్కపెట్టొద్దు. ఒక్కో చీలికకు రానూ పోనూ 30 నుంచి 50 కిలోమీటర్లు అవుతాయి. రోజుకు రెండు తీరాలు పెట్టుకుంటే తీరిగ్గా ఉంటుంది. మూడు పెట్టుకుంటే మళ్లీ హైవే యాత్రే అవుతుంది. ఒంగోలు దాటాక పరిస్థితి కొంచెం నయం. అక్కడి నుంచి చీరాల, బాపట్ల మీదుగా పోయే ఎన్‌హెచ్-216 తీరానికి దగ్గరగా, సన్నగా, చెట్ల మధ్య సాగుతుంది. ఈ యాత్రలో తీరం పొడవునా నడిపిన అనుభూతి వచ్చేది ఈ రోడ్డు మీదే.

ఇంకో విషయం. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం మన వెనక కొండల్లోకి పోతాడు. కాబట్టి రోజు కార్యక్రమం అంతా తెల్లవారుజాము చుట్టూ అల్లుకోవాలి. జనవరిలో ఆరుంబావుకల్లా ఇసుకలో ఉండాలి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా నడపాలి. పన్నెండు నుంచి మూడున్నర దాకా ఆగాలి. ఐదున్నరకల్లా బస చేరాలి. చీకట్లో నడపడం ఈ ప్లాన్‌లో ఎక్కడా లేదు. కావాలనే పెట్టలేదు.

బండి, సామాను

ప్రయాణానికి వారం ముందే సర్వీసింగ్ చేయించండి, ముందురోజు వద్దు. మెకానిక్ చేతిలోంచి వచ్చిన బండికి ఏదో ఒక బోల్టు వదులుగా ఉండటం మామూలే. వారం రోజులు ఊళ్లో తిప్పితే అది బయటపడుతుంది. ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు, షూలు, చైన్ బిగువు, టైర్ల అరుగుదల, హెడ్‌లైటు, బ్యాటరీ చూడాలి. చైన్ ఎంత వదులుండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు అది 25, 30 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. సామాను, వెనక మనిషి కలిపి బరువెక్కినప్పుడు మళ్లీ ఒకసారి చూసుకోండి. ఒంటరిగా కూర్చున్నప్పుడు సరిపోయిన చైన్ బరువు పడ్డాక బిగుసుకుంటుంది. వెనక టైరుకు ఇద్దరి లెక్కలో గాలి కొట్టించండి, అదీ ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు.

వెంట ఉండాల్సినవి: పంచర్ కిట్, చిన్న గాలి పంపు, క్లచ్ వైరు ఒకటి, స్పార్క్ ప్లగ్, చైన్‌కు కొట్టే స్ప్రే, బండితో వచ్చిన పానాలు, టేపు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు. వైరు కొత్తది కొని సంచిలో వేసుకోవడం కంటే, పాత వైరు పక్కనే కొత్తదాన్ని ముందే వేయించి కట్టి ఉంచితే దారిలో పది నిమిషాల పని.

ఇక సీమ వాళ్లు మర్చిపోయే వస్తువు సైడ్ స్టాండు కింద పెట్టే పలక. మన నేల గట్టిది. బండి ఎక్కడ ఆపినా నిలబడుతుంది. ఇసుకలో అలా కాదు. బండి దిగి హెల్మెట్ తీసేలోపే స్టాండు మెల్లగా దిగబడి, హ్యాండిల్ ఎడమకు వాలి, మీరు చూస్తుండగానే ట్యాంకు నేలను తాకుతుంది. అరచేతి వెడల్పు ప్లైవుడ్ ముక్కకు ఒక చిల్లు పెట్టి, తాడు కట్టి, హ్యాండిల్‌కు తగిలించుకోండి. దిగే ముందు తాడుతో కింద వేయడం, ఎక్కాక తాడుతో పైకి లాగడం. కడప బండ ముక్క కూడా పనిచేస్తుంది కానీ, దాన్ని ఆరు రోజులు మోయడం ఎందుకు?

బట్టలు తక్కువ, నీళ్లు ఎక్కువ. సామాను వీలైనంత కిందికి, ముందుకు కట్టండి. వెనక క్యారియర్ మీద ఎత్తుగా కడితే ఘాట్ మలుపుల్లో బండి ఊగుతుంది. బంగీ తాళ్ల కొనలు చైన్‌లోకి వేలాడకుండా చూడండి. హెల్మెట్ ఇద్దరికీ, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే. అద్దానికి నల్లరంగుది కాకుండా తెల్లది పెట్టుకోండి. తెల్లవారుజామున మంచులో నల్ల అద్దం ప్రమాదం.

ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు డిజీలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. అయినా జిరాక్సులు ఒక సెట్టు ఉంచుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినప్పుడే తనిఖీ వస్తుంది. జాతీయ రహదారి టోల్‌గేట్ల దగ్గర బైకులకు రుసుము లేదు, ఎడమ చివర సందులోంచి పోవచ్చు. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, హైవే మీద సాయానికి 1033.

మొత్తం దూరం మీ ఊరిని బట్టి 850 నుంచి 1,100 కిలోమీటర్ల దాకా వస్తుంది. లీటరుకు 45 ఇచ్చే బండికి పాతిక లీటర్లు వేసుకోండి. తీరం చీలికల్లో బంకులు తక్కువ కనుక హైవే దిగే ముందు ట్యాంకు నింపడం అలవాటు చేసుకోండి. అడవి దార్లలో సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే లేదు. రెండు మూడు వేలు చిల్లరగా జేబులో ఉండాలి. మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకోండి. దించుకునేటప్పుడు ఒక జాగ్రత్త: మనకు కావల్సిన ఆత్మకూరు నెల్లూరు జిల్లాది. నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంది, అనంతపురం పక్కన ఇంకొకటి ఉంది. రామాపురం సంగతీ అంతే. పేరు కొట్టి ఊరుకోకుండా చుక్క ఎక్కడ పడిందో చూడండి.

మొదటి రోజు: గండికోటకు

మూడు ఊళ్ల వాళ్లూ కలిసే చోటు గండికోట.

అనంతపురం వాళ్లు తాడిపత్రి మీదుగా రండి. ఊళ్లో పెన్న గట్టునే బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. అసంపూర్తిగా మిగిలిన దాని గోపురాల మీద శిల్పం చూడ్డానికి అరగంట చాలదు. ఆ తర్వాత ఎన్‌హెచ్-67 మీద జమ్మలమడుగు. కర్నూలు వాళ్లకు బనగానపల్లె, కోయిలకుంట్ల వైపు దారి. పొద్దున్నే ఉగ్గాణి బజ్జీ తిని బయల్దేరితే మధ్యలో బెలుం గుహలకు పక్కకు పోయి రావచ్చు. 3,229 మీటర్ల గుహలో కొంత భాగమే సందర్శకులకు తెరిచి ఉంటుంది, లోపల ఉక్కపోత గట్టిగా ఉంటుంది. రైడింగ్ జాకెట్‌తో దిగకండి. కడప వాళ్లకు ఎర్రగుంట్ల మీదుగా రెండు గంటల దారి కనుక ఉదయం పుష్పగిరి చూసుకుని నింపాదిగా రావచ్చు. గండికోట ఎన్నిసార్లో చూసేశాం అనుకునే కడప వాళ్లు ఈ రోజు కొట్టేసి రెండో రోజు నుంచి మొదలుపెట్టుకోండి.

గండికోటలో మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం చూసి సాయంత్రం లోయ అంచుకు చేరాలి. అంచు దగ్గర ఎర్ర బండలు పెళుసుగా, వదులుగా ఉంటాయి. సెల్ఫీకి అంచు చివర కూర్చునే ఆటలు వద్దు. బస పర్యాటక శాఖ హరిత హోటల్లో గానీ, కోట బయట టెంట్లలో గానీ. శని, ఆదివారాల్లో ముందే బుక్ చేసుకోకపోతే జమ్మలమడుగుకు వెనక్కి రావాల్సి వస్తుంది.

రెండో రోజు: కొండలు దాటి నెల్లూరుకు

పొద్దున లోయలో వెలుగు చూసి ఎనిమిదికల్లా కదలండి. ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు మీదుగా ఎన్‌హెచ్-67 నేరుగా పోతుంది. టైము చేతిలో ఉంటే కడప వచ్చి, సిద్దవటం మీదుగా బద్వేలు పోవడం అందమైన దారి. దాదాపు యాభై కిలోమీటర్లు పెరుగుతుంది గానీ పెన్న దగ్గర పడుతుంది. భాకరాపేట దాటి వంతెన ఎక్కితే అవతలి గట్టున మట్లి రాజుల కోట నీటి అంచునే కనిపిస్తుంది. మంచి కాలంలో ఇక్కడ పెన్న ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతుంటుంది.

సిద్దవటం నుంచి బద్వేలు దారి లంకమల అడవి అంచున పోతుంది. శాస్త్రవేత్తలు ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది ఇక్కడే, రెడ్డిపల్లె దగ్గర. అది రాత్రిపూట తిరిగే పక్షి, మీకు కనిపించదు. ఎర్రచందనం చెట్లు మాత్రం కనిపిస్తాయి. వాటి వల్ల ఈ దార్లలో అటవీ శాఖ చెక్‌పోస్టులు ఉంటాయి. బ్యాగులు విప్పి చూపించమంటే విసుక్కోకుండా చూపించండి. అడవిలోకి చీలిన బండ్ల బాటల్లోకి "ఊరికే చూద్దాం" అని దిగడం మాత్రం తప్పు. అక్కడ మీరు ఎందుకొచ్చారో ఎవరికీ నమ్మకం కలిగించలేరు.

బద్వేలులో భోజనం చేసేయండి. ఆ తర్వాత వెలికొండలు దాటి ఆత్మకూరు చేరేదాకా చెప్పుకోదగ్గ హోటళ్లు తక్కువ. కొండల్లో మలుపులు భయపెట్టేవి కావు, లారీలు భయపెడతాయి. కృష్ణపట్నం పోర్టుకు పోయే సరుకు లారీలు ఈ రోడ్డు మీద ఎక్కువ. మలుపులో లారీ వెనక పడితే దాటడానికి తొందరపడకుండా రెండు లారీల దూరం వదిలి ఉండండి. పల్లంలో గేరు తగ్గించి ఇంజిన్‌తో ఆపాలి, బ్రేకు మీదే కూర్చోకూడదు. ఆత్మకూరు నుంచి సోమశిలకు చీలిక ఉంది. పెన్న వెలికొండలను చీల్చుకుని బయటపడే చోటే కట్టిన 78 టీఎంసీల జలాశయం అది. మూడు గంటల లోపు ఆత్మకూరు చేరితేనే అటు తిరగండి. లేకపోతే నేరుగా నెల్లూరు.

ఆత్మకూరు దాటాక నేల రంగు మారిపోతుంది. మన సున్నపురాయి, చిట్టడవి పోయి, కాలువలు, వరిమళ్లు మొదలవుతాయి. రాత్రి నెల్లూరులోనే బస చేయండి. మైపాడులో గదులు కొద్ది. చేపల పులుసు ఈ రాత్రికే. పుల్లటి మామిడికాయ పడిన పులుసు ఎక్కడ దొరుకుతుందో హోటల్ కుర్రాణ్ని అడిగితే చెబుతాడు.

మూడో రోజు: మైపాడు, కావలి, ఒంగోలు

ఐదున్నరకల్లా నెల్లూరు నుంచి బయల్దేరితే మైపాడు 25 కిలోమీటర్లు. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు. తెల్లవారుజామున వాటి మీంచి మంచు లేచి రోడ్డును కప్పుతుంది. హెడ్‌లైటు డిమ్‌లో పెట్టి నలభై దాటకుండా పోండి. రొయ్యలు, చేపలు తీసుకుపోయే వ్యాన్ల నుంచి ఐసు నీళ్లు కారి మలుపుల్లో రోడ్డు జారుతుంది. దాన్ని వాసనతోనే ముందు పసిగట్టొచ్చు. నీచు వాసన గుప్పుమంటే వేగం తగ్గించేయండి.

పెన్న సముద్రంలో కలిసే చోటు ఈ చుట్టుపక్కలే. అవతలి గట్టుకు పోవాలంటే మాత్రం నెల్లూరు వచ్చి వంతెన దాటి కోవూరు వైపు పోవడమే నమ్మకమైన దారి.

స్నానం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మనలో చాలామందికి ఈత వస్తే బావుల్లో, కుంటల్లో నేర్చుకున్న ఈత. అది సముద్రంలో పనికిరాదు. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు ఎక్కడో ఒకచోట పాయగా వెనక్కి పోతాయి. ఆ పాయ దగ్గర అల విరగదు, నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. కొత్తవాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు. అందులో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు రావాలి. అంతకంటే మంచిది మోకాలి లోతు దాటకపోవడం. వల సర్దుకుంటున్న మనిషి ఎవరైనా "ఆడ దిగబాకండన్నా, గుంటలుండాయి" అంటే మారు మాట్లాడకుండా వెనక్కి రండి. మందు తాగి దిగేవాళ్లతో యాత్ర పెట్టుకోకండి.

బండిని ఇసుకలోకి తోలడం కూడా వద్దు. వీడియోలో బాగుంటుంది కానీ, తడి ఇసుక, ఉప్పు నీళ్లు చైన్‌లోకి, బేరింగుల్లోకి పోతాయి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. గుడ్లు ఇసుకలో అడుగున్నర లోతునే ఉంటాయి. రాత్రిపూట మన లైట్లకు పిల్లలు దారి తప్పుతాయి.

తొమ్మిదికల్లా తిరిగి నెల్లూరు చేరి, టిఫిన్ చేసి, ఎన్‌హెచ్-16 ఎక్కండి. ఈ రోడ్డు మీద చెప్పడానికి ఏమీ లేదు. ఎడమ వరుసలో ఉంటూ, రాంగ్ రూట్లో వచ్చే బండ్లను చూసుకుంటూ పోవడమే. కావలి దగ్గర తుమ్మలపెంట తీరానికి చీలిక ఉంది. మధ్యాహ్నం విరామం అక్కడ సరుగుడు తోపుల నీడలో తీసుకోవచ్చు. ఎండాకాలం ముందుగా వచ్చిన ఏడైతే ఉలవపాడు దగ్గర రోడ్డు పక్క మామిడికాయలు, సపోటాలు అమ్ముతుంటారు. సాయంత్రం సింగరాయకొండ దగ్గర పాకల తీరం చూసి ఒంగోలులో బస.

ఉత్తరానికి కాకుండా నెల్లూరు నుంచి దక్షిణానికి తిరిగే ఆలోచన కూడా ఉంది. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు ఈ నెలల్లోనే ఉంటాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. పక్షులు ఇష్టమైనవాళ్లు ఒక రోజు కలుపుకోవచ్చు. రెండూ ఆరు రోజుల్లో ఇరికించాలని చూడకండి.

నాలుగో రోజు: తక్కువ దూరం, ఎక్కువ తీరం

ఈ రోజు నడిపేది తక్కువే. తెల్లారి కొత్తపట్నం తీరం, ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. తిరిగి వచ్చి త్రోవగుంట దగ్గర ఎన్‌హెచ్-216 ఎక్కండి. కాసేపట్లో గుండ్లకమ్మ వంతెన వస్తుంది. ఆగి ఒకసారి చూసుకోండి, రేపు దీని వెంటే ఇంటికి పోవాలి.

చినగంజాం చుట్టూ ఉప్పు మడులు. ఎండ నెత్తికెక్కే వేళ తెల్లటి కుప్పల మీద నుంచి వెలుగు కళ్లలో కొడుతుంది, చలవ కళ్లద్దాలు బయటికి తీయండి. అక్కడి నుంచి పక్కకు మోటుపల్లి. ఇప్పుడు చిన్న ఊరు. 1244లో కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు రక్షణ ఇస్తూ అభయశాసనం వేయించింది ఈ రేవులోనే. ఓడ మునిగి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు దాన్ని స్వాధీనం చేసుకునే కాలంలో, పన్ను తప్ప మిగతాది వర్తకుడిదేనని చెప్పిన శాసనం అది. మార్కోపోలో తన రాతల్లో ముత్‌ఫిలి అన్నది దీన్నే. బీచుల ఫొటోల కోసం వచ్చేవాళ్లు దీన్ని దాటిపోతారు. మీరు ఒక గంట ఇవ్వండి.

చీరాల చేరాక వాడరేవు, రామాపురం తీరాలు. వాడరేవులో పడవలు ఒడ్డుకొచ్చే వేళ చేపల వేలం చూడదగ్గది. వారాంతాల్లో ఈ తీరాలకు జనం పోటెత్తుతారు, ప్రమాదాలు జరిగితే పోలీసులు కొన్నాళ్లు స్నానాలు ఆపేస్తారు. మామూలు రోజు వచ్చేలా ప్లాన్ వేసుకోవడానికి ఇదొక కారణం. రాత్రికి బాపట్ల, లేదా తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. అక్కడ పర్యాటక శాఖ గదులు తీరంలోనే ఉంటాయి, కానీ చాలా ముందుగా నిండిపోతాయి. బస ఎక్కడైనా రూము తీసుకునే ముందు బండి గేటు లోపల పెట్టే వీలుందా అని అడగండి. ఇంకో మాట అడగండి: మంచి నీళ్ల పైపు ఉందా అని. రెండు రోజుల ఉప్పు గాలి బండి మీద పలచటి జిగురులా పట్టి ఉంటుంది. ఒక బకెట్ మంచినీళ్లతో చక్రాలు, చైన్, బ్రేకులు కడిగి, ఆరాక చైన్‌కు స్ప్రే కొట్టండి.

ఐదో రోజు: గుండ్లకమ్మ వెంట వెనక్కి

యాత్రలో అలసిపోయేది ఈ రోజే. సూర్యలంకలో పొద్దు చూసి ఏడున్నరకల్లా కదిలితే పదికి ఒంగోలు. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం హైవేకు దగ్గరే, కావాలంటే చూడొచ్చు. తర్వాత పడమరకు తిరిగి పొదిలి, మార్కాపురం. మధ్యాహ్నం ఎండలో ఈ మెట్ట రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తుంది. భోజనం సగం కడుపుకే చేసి, అరగంట చెట్టు కింద నడుం వాల్చడం మంచిది. గంటకోసారి ఆగి మజ్జిగో, నీళ్లో తాగండి. మార్కాపురంలో చెన్నకేశవాలయం ఉంది. మనం బడిలో రాసిన రాతిపలకలు చాలావరకు ఈ ఊరివే. బస ఇక్కడే చేసుకోండి. కంభంలో పోల్చితే సదుపాయాలు తక్కువ.

ఆరో రోజు: కంభం, నల్లమల, ఇల్లు

పొద్దున్నే కంభం చెరువు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కట్ట ఇది. ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. కట్ట మీద నిలబడితే సముద్రం తర్వాత ఇంత నీళ్లు మళ్లీ మన వైపు ఉన్నాయా అనిపిస్తుంది. వానలు తక్కువైన ఏడు మాత్రం చెరువు అడుగంటి ఉంటుంది, ముందే ఎవరినైనా అడిగి తెలుసుకోండి.

గిద్దలూరులో దార్లు విడిపోతాయి. కడప వాళ్లు పోరుమామిళ్ల, మైదుకూరు మీదుగా మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు. కర్నూలు, అనంతపురం వాళ్లు దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్ ఎక్కి గాజులపల్లె వైపు దిగాలి. అక్కడి నుంచి కర్నూలు వాళ్లకు నంద్యాల, అనంతపురం వాళ్లకు బనగానపల్లె, అవుకు, తాడిపత్రి. ఘాట్‌లో మలుపుకు ముందు హారన్, మలుపులో మన వరుస వదలకపోవడం, కోతులకు తిండి వేయకపోవడం. పట్టపగలే దాటండి. దోర్నాల, నంద్యాల జిల్లా ఆత్మకూరు ఘాట్ మీదుగా పోదామనుకునే కర్నూలు వాళ్లు గుర్తుంచుకోవాల్సింది, పులుల అభయారణ్యం కనుక ఆ రోడ్డు మీద రాత్రిపూట వాహనాలు ఆపేస్తారు.

నలుగురైదుగురు కలిసి పోతుంటే బాగా నడిపేవాడు చివర ఉండాలి, ముందు కాదు. పంచర్ కిట్ అతని దగ్గరే ఉండాలి. ముందున్నవాడు ప్రతి చీలిక దగ్గరా వెనకవాడు కనిపించేదాకా ఆగితే ఫోన్లు చేసుకునే పని ఉండదు.

ఇంటికొచ్చిన మర్నాడే బండిని పూర్తిగా కడిగించండి. షాంపూ నురగ కంటే కింది భాగానికి మంచినీళ్లు ఎక్కువ కొట్టమని చెప్పండి. సైలెన్సర్ బోల్టులు, స్టాండు స్ప్రింగు, చక్రాల ఊచల మొదళ్లు, సీటు కింద బ్యాటరీ టెర్మినళ్లలో ఉప్పు దాక్కుంటుంది. అక్కడ కాస్త ఆయిల్ గుడ్డతో తుడవండి. డిస్కు మీద ఎర్రగా తుప్పు కనిపిస్తే కంగారొద్దు, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. చక్రం తిప్పినప్పుడు బేరింగు గరగరమంటే మాత్రం మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.